నాలుగు నిమిషాల పాట

"ముందుగాల నువ్వొక్కనివే ఇను," అంది జగన్ భార్య రుక్కి, కంప్యూటర్ మీద కప్పిన దుప్పటి తీయనివ్వకుండా.

జగన్‌కు ఒళ్ళు మండింది. కన్నతల్లి పాట వినడానికి చాటేమిటి? ఇవాళ బాపు దేవ్‌సింగ్ పోయిన పన్నెండో రోజు. తండా తండా అంతా వాకిట్లో కూర్చుని ఉంది. డోర్నకల్ నుంచి వచ్చిన అక్క గోరీ మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళిపోవాలి. అమ్మ గొంతు ఒక్కసారి విని పోతానని పొద్దుటి నుంచీ అడుగుతోంది. రుక్కేమో కరెంటు పోతుందని ఒకసారి, స్పీకర్లు బాగాలేవని ఒకసారి సాకులు చెబుతోంది.

అమ్మ సోమ్లీ పోయి ఇరవై ఏళ్ళు. ఇంట్లో ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. వయసులో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి రేడియోలో పాడింది. ఆ పాత పాట మళ్ళీ వేస్తామని రేడియోవాళ్ళు చెప్పిన రోజు జగన్ కాలు నిలవలేదు. లోపలి గదిలో జ్వరంతో పడుకున్న బాపు తానూ వచ్చి వింటానన్నాడు. లేవొద్దని, రికార్డు చేసి తర్వాత ఎన్నిసార్లంటే అన్నిసార్లు వినిపిస్తానని జగనే నచ్చజెప్పాడు.

అది పాత రేడియో, కంప్యూటర్‌కు వైరు కలిపే వీలు లేదు. అందుకని దాన్ని మైకు ముందు పెట్టాడు. ఫ్యాను ఆపాడు, కోళ్ళను తోలాడు, వాకిట్లో పిల్లల్ని గదమాయించాడు. పాట వచ్చిన ఆ నాలుగు నిమిషాలూ చీమ చిటుక్కుమనకుండా కాపలా కాశాడు. అయిపోయాక సంబరంగా లోపలికి వెళ్ళి చూస్తే బాపు ప్రాణం పోయి ఉంది. నిద్రలోనే పోయాడని అందరికీ చెప్పాడు.

మళ్ళీ ఆ రికార్డు ముట్టుకోవడానికి జగన్‌కు మనసు రాలేదు. నిన్న రుక్కి ఒక్కతే విన్నది. అప్పటి నుంచి అన్నం ముట్టలేదు.

"అమ్మ నా ఒక్కనికే అమ్మ కాదు గదా. అక్క ఇనకుంట ఎట్ల పోతది?" అన్నాడు జగన్.

"నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి తలుపేసుకొని ఇను."

జగన్ ఆమెను పక్కకు జరిపి దుప్పటి లాగేశాడు. స్పీకర్లు వాకిలి వైపు తిప్పి పాట పెట్టాడు.

అమ్మ గొంతు వచ్చింది. పెళ్ళికాని పిల్ల గొంతులా లేతగా ఉంది. గోరీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముసలివాళ్ళు సోమ్లీ పేరు తలుచుకున్నారు. ఇది వినకుండానే బాపు వెళ్ళిపోయాడే అని జగన్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. రుక్కి గోడవైపు తిరిగి చెవులు మూసుకుంది.

రెండో చరణం మధ్యలో, పాట వెనక నుంచి సన్నగా దేవ్‌సింగ్ గొంతు వినిపించింది.

"జగన్... ఊపిరాడుతలేదు కొడుకా. జర ఇటు రా."

ఆ వెంటనే, మైకుకు బాగా దగ్గరగా, జగన్ గొంతు:

"సప్పుడు చెయ్యకు బాపూ, పాట కరాబైతది."