డాబా మీద నైట్రో ట్రక్కు

నిడదవోలులోని తమ డాబా మీద వెంకటరాజు గారు, కూతురు అశ్విని, ఓ పక్కగా గుమ్మడి వడియాలు పెడుతూ భార్య సూర్యకళ సమావేశమయ్యారు. నైట్రో అనే ఇంధనం పోసి రిమోట్‌తో నడిపే ఆయన పాత బొమ్మ ట్రక్కుకు కొత్త ఇంజన్ వేయించాలా, లేక బ్యాటరీ ట్రక్కు కొనాలా అన్నది చర్చనీయాంశం.

“బ్యాటరీదే కొనండి నాన్నగారూ. పొగుండదు, చప్పుడుండదు. అమ్మకీ హాయి.”

ఇన్నేళ్లూ ఆ రొదను తిట్టిన భార్య వైపు వెంకటరాజు గారు దిగులుగా చూశారు.

“చప్పుడు లేకపోతే కాకుల్నెవరు తోల్తారే, మీ నాన్నగారి మీసాలా?” అంది సూర్యకళ. “ఈయన బండి తీస్తానంటేనే కదా నేను పప్పు నానబోసేది!”

‘రేపూ తీస్తారా ఆ బండి?’ అని ఆమె ఎందుకు విసుక్కునేదో ఆయనకు అప్పటికి బోధపడింది.

లేచి నిలబడి, “పాత ట్రక్కును నిలబెట్టిన శ్రీమతి సూర్యకళ గారికి ఈ సభ కృతజ్ఞతలు తెలియజేస్తోంది” అన్నారు.