బకిళ్లన్నీ పడ్డాయి

భద్రాచలం రేవులో చిన్నాయన మీట నొక్కగానే లాంచీ ఇంజన్ అందుకుంది. సరిత మురిసిపోయింది. లైఫ్ జాకెట్ల బకిళ్లన్నీ పడితేనే ఇంజన్ కదిలే ఏర్పాటు కనిపెట్టింది తనే.

కాస్త దూరం పోయాక వెనక్కి తిరిగింది. ప్రయాణికుల్లో చంటిపిల్లతో సహా ఒక్కరి ఒంటి మీదా జాకెట్ లేదు.

“చిన్నాయనా, గిదేంది?”

“గీ ఎండకు ఎవలు తొడుగుతరు బిడ్డా?” లాంచీ నడుపుతున్న ఎల్లస్వామి నవ్వాడు. “బకిళ్లు పెట్టి, జాకెట్లన్నీ సీట్ల కింద పడేసినం. నీ మిషన్‌కు కావాల్సింది గదే గదా!”

“మిషన్‌నే మోసం జేస్తవా?”

“మోసమేంది? పొద్దున కారుల బెల్టు నీ వీపెనక పెట్టుకోలే, మోత ఆగాలని? నిన్ను జూసే నేర్చుకున్న.”

సరిత వంగి సీటు కింది నుంచి ఒక జాకెట్ లాగింది.

“తిప్పు చిన్నాయనా, ఒడ్డుకు తిప్పు.”

నడి గోదావరిలో ఇంజన్ ఏ పేచీ లేకుండా, బుద్ధిగా నడుస్తోంది.