వీపుల తనిఖీ

"అంగి ఇప్పు," అన్నాడు ఎస్సై.

వీరేశం కదల్లేదు. వెనక నుంచి కానిస్టేబుల్ ఒకడు కాలర్ పట్టుకుని గుంజాడు. గుండీలు తెగి గడప ముందు రాలాయి. మెడ కింద నుంచి నడుము దాకా వీపంతా కమిలిపోయి ఉంది.

"దొరికిండు. వ్యాన్ల ఎక్కించుండ్రి."

పొద్దున దేవరకొండ రోడ్డు మీద రాస్తారోకో జరిగింది. గుట్ట కింది భూములు ఫ్యాక్టరీకి ఇచ్చేది లేదని ఊరంతా వచ్చి రోడ్డు మీద కూర్చుంటే పోలీసులు లాఠీలతో లేపారు. ఆ తొక్కిసలాటలో ఎవరి రాయో తగిలి జీపు అద్దం పగిలింది. మనుషుల వీపులు పగిలితే కేసు ఉండదు కానీ జీపు అద్దం పగిలితే ఉంటుంది కదా! మధ్యాహ్నానికి వ్యాను ఊళ్ళోకి దిగింది. ఈ ఎస్సై వేరే స్టేషన్ నుంచి బందోబస్తుకు వచ్చినవాడు. ఊరి మొఖాలు ఎరగడు. అందుకని ఇంటింటికీ పోయి మగవాళ్ళ అంగీలు విప్పిస్తున్నాడు. ఎవరి వీపు మీద లాఠీ వాత ఉంటే వాళ్ళు ముద్దాయిలు. పక్కింటి మారయ్య అప్పటికే వ్యానులో తల వంచుకుని కూర్చున్నాడు. వ్యాను ఎక్కినవాళ్ళకు ఇప్పట్లో బెయిలు రాదని ఊళ్ళో అందరూ గుసగుసలాడుకుంటున్నారు.

బిక్షమ్మ ఇంట్లోంచి ఉరికివచ్చి కొడుక్కి అడ్డంగా నిలబడింది.

"నా కొడుకు ధర్నాకు పోలె సారూ. నీ కాల్మొక్త, ఇడిచిపెట్టు."

"నీకేం తెలుసు ముసల్దానా ధర్నాల సంగతి? పక్కకు జరుగు. ధర్నాకు పోకపోతే గీ వాతలేంది? దోమలు కుట్టినయా?"

కానిస్టేబుళ్ళు నవ్వారు. బిక్షమ్మ చుట్టూ చూసింది. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే కొడుకు పోతాడు.

"నేనే కొట్టిన," అన్నది.

"ఏందీ?"

"పొద్దుగాల్నే తాగొచ్చిండు సారూ. ఇంట్ల లొల్లి లొల్లి జేసిండు. కడుపు మండి నేనే కొట్టిన. అగో, ఆ కట్టెతోనే." గోడకు ఆనించి ఉన్న, బర్రెలను తోలే కట్టెను చూపించింది.

ఎస్సై ఆమెను కింది నుంచి మీది దాకా చూశాడు. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంది మనిషి. అతనికి వినోదంగా తోచింది.

"అట్లనా? అయితే నా ముంగట గూడ కొట్టు. నీ దెబ్బకు గిట్ల వాతలు తేల్తయో లేదో చూస్త. తేలితే వీన్ని ఇడిచిపెడ్త."

బిక్షమ్మ కట్టె తెచ్చింది. కళ్ళు మూసుకుని ఒక దెబ్బ వేసింది. దుమ్ము దులిపినట్టు కూడా పడలేదు.

"గీ దెబ్బకు బర్రె గూడ కదలదు. టైమ్ ఖరాబ్ చేస్తున్నరు. ఎక్కించుండ్రి వీన్ని!"

కానిస్టేబుల్ వీరేశం రెక్క పట్టుకున్నాడు. అప్పుడు వీరేశం తల్లి వైపు తిరిగాడు. ఒక్కసారిగా గొంతు పెంచాడు.

"ఏందే ముసలీ, మల్ల కొడ్తవా? తాగుత! నా ఇష్టం! రేపు గూడ తాగొస్త, ఏం జేస్తవ్?"

పుట్టి బుద్ధెరిగి తల్లిని 'ఏందే' అనని కొడుకు. పండక్కి కూడా కల్లు ముట్టని కొడుకు. ఎందుకు అట్లా అంటున్నాడో బిక్షమ్మకు అర్థమైంది.

కట్టె ఎత్తింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"తాగుతవారా? ఇంకా తాగుతవారా?"

పొద్దుటి వాతల మీదనే దెబ్బలు పడ్డాయి. చర్మం చిట్లి నెత్తురు వచ్చింది. వీరేశం మోకాళ్ళ మీద కూలిపోయి, "తాగనమ్మా! ఇగ తాగ! కొట్టకే అమ్మా!" అని అరిచాడు. ఆ అరుపులో నటన ఎంతో నొప్పి ఎంతో ఆమెకు తెలియలేదు. తెలిసినా ఆగలేదు. ఆగితే వ్యాను ఎక్కిస్తారు. ఏడుస్తూ కొట్టింది. వ్యానులో మారయ్య చూడలేక మొఖం అటు తిప్పుకున్నాడు.

"బస్, బస్! సంపుతవా ఏంది?" అన్నాడు ఎస్సై చివరికి. వంగి వీపు చూశాడు. పాత వాతలేవో కొత్త వాతలేవో తేడా తెలియకుండా ఉంది. తృప్తిగా తల ఊపాడు. "తల్లంటే గిట్లుండాలె. ఊర్ల తల్లులందరు గిట్ల భయం చెప్తే మాకు పనే ఉండది."

బూట్ల చప్పుడు అవతలి ఇంటికి పోయింది. "అంగి ఇప్పు" అని అక్కడ మళ్ళీ వినిపించింది.

బిక్షమ్మ చేతిలోంచి కట్టె జారిపోయింది. కొడుకు పక్కన చతికిలబడింది. వీపు నిమురుదామంటే చెయ్యి పెట్టే జాగా లేదు.

"గీ చేతులు ఇరిగిపోను! ఏ తల్లన్న గిట్ల కొడ్తదా కొడుకా!" అంటూ రెండు చేతులనూ నేలకేసి బాదుకుంది.

వీరేశం మెల్లగా ఇటు తిరిగి ఆ చేతులు పట్టుకుని ఆపాడు. మోచేతుల దాకా తిప్పి తిప్పి చూశాడు. భుజాలు తడిమాడు.

"గది ఇడిచిపెట్టమ్మా," అన్నాడు. "పొద్దున నువ్వు ధర్నాల కింద పడ్డప్పుడు, నేనురికొచ్చి నీ మీద అడ్డం పడేదాంక, నీకేమన్న దెబ్బలు తాకినయా?"