ఎంగిలి కంచం

"మొగని కంచముండంగ నీకు వేరే కంచమెందుకే?" కసిరింది వెంకటనర్సమ్మ.

"ఆయన తిని ఏడేండ్లాయె. నేనెవరి ఎంగిలి తినాలత్తా?" అంది కోడలు ఆండాళు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే.

చైనా యుద్ధానికి సిపాయిగా పోయిన ఆండాళు మొగుడు తిరిగి రాలేదు. చనిపోయాడన్న కబురూ లేదు. ఇన్నేళ్లుగా కొడుకు జాడ లేదని కన్నతల్లి సాక్ష్యమిస్తే విడాకులు వస్తాయని నల్లగొండ వకీలు ఆండాళుకు చెప్పాడు. ఆ మాట అత్తను అడగడానికి ఆమెకు నోరు రాలేదు. వాయిదా రేపే.

అన్నాలప్పుడు అత్త కొత్త కంచంలో కోడలికి వడ్డించింది. కొడుకు కంచం తన ముందుకు లాక్కుంది.

"వాయిదా సంగతి ఊరోళ్లు చెప్పిండ్రు. రేపు కోర్టుకు నేనొస్త బిడ్డా. నా కొడుకు జాడ లేదని నా నోటితోనే చెప్త."

ముద్ద కలుపుతూ మెల్లగా అంది: "గీ కంచంల ఇగ నేను తింట."