మూడుసార్లు లాగిన తాళం

జయపురంలో ధనశ్రీ వాళ్ల ఇల్లు, ఆమె నాన్నగారి హోల్‌సేల్ కొట్టు వెనకే. రెండు వేల ఎనిమిది శ్రావణంలో, పెళ్లికని ఇంట్లోవాళ్లంతా విజయనగరం వెళ్లారు. ఆమె ఒక్కతే మిగిలింది.

రోజూ రాత్రి పదింటికి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, తనలాగే దిగులుతో, గుండెదడతో నలిగేవాళ్ల గ్రూపులో ‘ఉన్నాను’ అని రాస్తుంది. అందరూ రాయాలి. రాయని మనిషి కోసం మిగతావాళ్లు వాకబు చేస్తారు. ఆ ధైర్యంతోనే ఏడాదిగా ఆమెకు కంటిమీదికి కునుకు వస్తోంది.

ఈ రాత్రి వానకి తొమ్మిదింటికే పోయిన కరెంటు పదిన్నరకు వచ్చింది. కంగారుగా గ్రూపు తెరిచి చూస్తే, సరిగ్గా పదింటికి తన పేరుతోనే రాసి ఉంది: ‘ఉన్నాను. తాళం మూడుసార్లు లాగి చూశాను. పడుకుంటున్నాను.’

గుమస్తా వేసిన కొట్టు తాళాన్ని మళ్లీ తను వెళ్లి మూడుసార్లు లాగితేగానీ ఆమె మనసు కుదుటపడదు. సిగ్గేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ పూటయితే వానకి జడిసి గడపే దాటలేదు.

గ్రూపులో పెద్దావిడైన రాయగడ రామతులసికి ధనశ్రీ ఫోన్ చేసింది.

“అక్కా, అది నాను రాయనేదు.”

“నివ్వు కాకపోతే ఇంకెవులు రాస్తారమ్మీ? నీ పేరు సూసేకే మేవందరం నెమ్మదించేం. పడుకో, పొద్దున్న మాటాడదాం.”

ఫోన్ పెట్టేసరికి వాన ఆగిపోయింది. చూరునీళ్ల చప్పుడు కూడా లేదు. ఇక తెల్లారేదాకా తన కోసం ఎవరూ వాకబు చెయ్యరు.

వీధివైపు షట్టరు తాళాన్ని ఎవరో లాగారు. కాసేపాగి మళ్లీ లాగారు.

మూడోసారి కదిలింది ఆమె గది గొళ్లెం.