ఒక్క లైను

“ఒక్క లైను కూడా వదలను. ముప్పైకి ముప్పై మా చేతిలోనే ఉంటాయి,” అంటూ ఒప్పందం కాగితాలను బల్ల మీదికి విసిరాడు పెద్ద టెలిఫోన్ కంపెనీ అధికారి. సొంత ఆఫీసులో అతన్ని చాటుగా కత్తెర అంటారు. ఎదుటివాళ్ళు అడిగిన షరతును చివరిదాకా చదవకుండానే కొట్టేయడం అతనికి అలవాటు.

ఎదురుగా కూర్చున్న మేనేజరమ్మది చిన్న కంపెనీ. ఈ కొండమీది ఊరికీ చుట్టుపక్కల నాలుగు పల్లెలకీ ఫోన్లు ఆవిడవే. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి ఎవరి దయా అక్కర్లేదు. మాట కొండ దిగి అవతలికి పోవాలంటే మాత్రం పెద్ద కంపెనీ కలిపిన ఆ ముప్పై లైన్లే గతి. వాటి పాత ఒప్పందం నిన్నటితో సరి.

“మూసే హక్కు మీకు వద్దనడం లేదండీ,” అంది మేనేజరమ్మ. “ఎప్పుడైనా మూస్తే ఒక్క లైను మాత్రం తెరిచి ఉంచమంటున్నాను. ఎందుకంటే...”

“ఎందుకో నాకు తెలుసులేమ్మా! పెళ్ళి కబురనీ చావు కబురనీ మొదలుపెడతారు, ఆనక కళ్ళు ఒత్తుకుంటారు. ఇలాంటి డబ్బా కంపెనీలు ఎన్ని చూశాను!”

అతను ముక్కు చిట్లించి గదంతా చూశాడు. కూర్చునే ముందు రుమాలుతో రెండుసార్లు తుడిచిన కుర్చీ, దాని కాలి కింద మడిచిపెట్టిన అట్టముక్క, గోడ మీద సున్నం పెచ్చులు. పై గదిలో ఎక్స్ఛేంజి యంత్రాల టకటక. దీనికోసమా తను నాలుగు గంటలు మెలికల దారిలో పడి వచ్చింది!

గుమ్మంలో నిలబడ్డ మెకానిక్ మేనేజరమ్మ తమ్ముడే. ఉండబట్టలేక అన్నాడు: “అక్క చెప్పేది ఒక్కసారి పూర్తిగా వినండి సార్. మీ పదిహేడో షరతు ప్రకారం...”

“ఓహో, స్క్రూడ్రైవర్లు కూడా షరతులు చదువుతున్నాయా? ఆ షరతు రాసిందే నేను బాబూ. మూయాలన్నా తెరవాలన్నా నేను ఫోన్లో నోటితో చెప్పాలి. ఉత్తరం చెల్లదు, మనిషిని పంపితే చెల్లదు. నా గొంతు తప్ప మా కంట్రోల్ రూములో ఇంకెవరి మాటా సాగదు.” అని వాచీ చూసుకున్నాడు. “పన్నెండుకి మా హెడ్డాఫీసులో బోర్డు కూర్చుంటుంది. ఈలోగా ‘సంతకం అయింది’ అని నా ఫోను వెళ్ళాలి. వెళ్తే డైరెక్టరు కుర్చీ నాది. వెళ్ళకపోతే మా తోడల్లుడిది. మీ సోది వింటూ కూర్చుని ఆ మొద్దుకి కుర్చీ అప్పజెప్పమంటారా?”

“అయ్యో, మీ మంచికే చెబుతున్నానండీ,” అంది మేనేజరమ్మ.

నా మంచి ఈవిడ చూస్తుందట! అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. బల్ల మీది నల్ల ఫోను తనవైపు లాక్కుని నంబరు తిప్పాడు.

“నేనే. కొండ ఊరి లైన్లు మూసెయ్. ఒకటి కాదు, ముప్పై. నేను మళ్ళీ ఫోన్ చేసేదాకా దేవుడు దిగొచ్చినా తెరవకు.”

అవతలి గొంతు “అలాగేనం...” అంటూండగానే తెగిపోయింది. అతను రిసీవరు పెట్టేసి కాలు మీద కాలు వేసుకున్నాడు.

పావుగంట గడవకముందే కింద వీధిలో జనం పోగయ్యారు. మందుల షాపతను ఆర్డరు చెబుతుంటే సగంలో పోయిందన్నాడు. ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చి, మనవరాలి పరీక్ష ఫలితం వినబోతుంటే ఆగిపోయిందనీ, పాసయిందో లేదో కనుక్కుని చెప్పమనీ బతిమాలాడు. మేనేజరమ్మ ఆయన్ని కూర్చోబెట్టింది. కత్తెర అటు చూడనైనా లేదు.

“చూశావుగా నా దెబ్బ! ఇప్పుడు చెప్పు, ఎన్ని లైన్లు కావాలి?”

మేనేజరమ్మ తమ్ముడి వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితాల్లో తను చేర్చిన ‘ఒక్క లైను’ షరతును తన చేత్తోనే కొట్టేసింది. తర్వాత ప్రతి కాగితం మీదా తొందరపడకుండా సంతకం చేసింది. చేస్తున్నంతసేపూ పెదవి బిగించే ఉంచింది.

“ముందే ఈ బుద్ధి ఉంటే ఇంత రభస ఉండేది కాదు,” అంటూ కత్తెర కాగితాలు సంచీలో సర్దుకున్నాడు. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. దర్జాగా రిసీవరు ఎత్తి నంబరు తిప్పాడు.

చప్పుడు లేదు.

మళ్ళీ తిప్పాడు. ఫోను మీద గట్టిగా రెండు తట్టాడు. “ఛీ, ఈ డబ్బా ఫోను ఇప్పుడే చావాలా! ఇంకోటి తే!”

“ఫోను బాగానే ఉంది సార్,” అన్నాడు తమ్ముడు. “పక్క వీధికి చేసుకోండి, మోగుతుంది. కొండ దిగడానికే లైన్లు లేవు.”

కత్తెర చెయ్యి రిసీవరు మీదే ఉండిపోయింది. కుర్చీలో తోడల్లుడు కళ్ళకు కట్టినట్టు కనబడ్డాడు, పక్కనే పళ్ళికిలిస్తూ మరదలు కూడా. అతను లేచి బల్ల మీదికి వంగాడు. పొద్దుటినుంచీ లేని మర్యాద ఎక్కణ్ణుంచో ఊడిపడింది.

“మేడమ్ గారూ, మీకు దండం పెడతాను. ఎక్కడైనా ఒక్క లైను... ఒక్కటంటే ఒక్కటి ఉండదాండీ?”

మేనేజరమ్మ కళ్ళజోడు తీసి మడిచింది.

“తెరవమని చెప్పడానికి మీకు ఒక్కటైనా ఉండాలనే కదండీ, పొద్దుటినుంచీ మొత్తుకుంటున్నాను!”