నిర్మలాదేవి ఇచ్చిన స్టార్లు

"ముందు గుమ్మం కాదమ్మా, పెరటి వైపు నుంచి రా!"

గేటు దగ్గర నిలబడ్డ మనిషితో నిర్మలాదేవి అన్న మొదటి మాట అది.

వచ్చినామెకు అరవై దాటాయి. నలిగిన నూలుచీర, భుజాన గుడ్డసంచి. పేరు ద్వాలి. దుమ్ముగూడెం పక్క తండాలో పొద్దున్నే బయలుదేరి, కొత్తగూడెంలో బస్సు మారి తల్లాడ చేరింది.

"సారుకు మాట నేర్పుదామని వచ్చిన అమ్మా. ఈ పని నేను ముప్పయ్యేండ్ల సంది..."

"సర్లే, సర్లే. పోయేటప్పుడు ఆ అంట్లు కూడా కాస్త తోమి పో."

ద్వాలి భుజాన సంచి సర్దుకుని పెరటి వైపు నడిచింది.

నిర్మలాదేవి భర్త వెంకటరామారావుకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కాలూ చెయ్యీ కొంత దారికొచ్చాయి గాని నాలుక రాలేదు. ఏమన్నా ముద్దముద్దగా వస్తుంది. అవతల మిరపతోట కోతకొచ్చింది. ఆయన్ని ఒంటరిగా వదిలి పోతే, ఏదన్నా అయితే పిలవడమెట్లా అన్నదే ఆమె దిగులు.

మేనకోడలు మనోజ్ఞ రెండు ఏర్పాట్లు చేసింది. ఒకటి, గోడకు బిగించే మాట వినే మెషిన్. లైటు వెయ్యమంటే వేస్తుంది, నిర్మలను పిలవమంటే ఆమె ఫోన్ మోగిస్తుంది. రెండోది, పని తెలిసినవాళ్లు పైసా తీసుకోకుండా ఇంటికొచ్చి చేసిపెట్టే సేవా సంస్థ. ద్వాలిని పంపింది వాళ్లే.

"రెండూ వాడి చూసి స్టార్లు ఇవ్వత్తా. ఐదంటే బాగున్నట్టు, ఒకటంటే బాగోనట్టు."

తీర్పు చెప్పే పని కదా, నిర్మలాదేవికి ఎక్కడలేని హుషారొచ్చింది.

మెషిన్ ఆయన ఏమన్నా "క్షమించండి, అర్థం కాలేదు" అనేది. ఎంత మర్యాద తెలిసిన మెషిన్ అని ఆమె మురిసిపోయింది.

ద్వాలిని చూస్తే మాత్రం ఒళ్లు మండేది. శని, ఆదివారాలు వచ్చి, ఆయన పెదవికి తేనె రాసి నాకమనేది. గొట్టంతో గ్లాసు నీళ్లలో బుడగలు ఊదించేది. ఖమ్మం మిర్చి మార్కెట్లో పొద్దున్నే రేటు పలికే జెండా పాటంటే ఆయనకు ప్రాణమని తెలుసుకుని, అదే పాడించేది.

"గట్టిగ అనుండ్రి సారూ! యార్డు మొత్తం ఇనబడాలె!"

ఆయన అనలేక నవ్వేవాడు. జబ్బు పడ్డాక నవ్వడం అదే మొదలు.

"పెద్దమనిషితో ఆటలేంటి? టీ తాగి, ఆ గ్లాసు కడిగి విడిగా పెట్టి పో."

ఆరో వారం నిర్మలాదేవి తోటలో ఉండగా ఫోన్ మోగింది.

"నిర్మలా, మంచినీళ్లు."

ఆయన గొంతే! పడుతూ లేస్తూ ఇంటికొచ్చి మెషిన్‌కు కుంకుమ బొట్టు పెట్టింది.

"మొత్తానికి మీ భాష నేర్చుకుందండీ, బంగారుతల్లి!"

"మెషిన్... కాదు... ఆమె..." అన్నాడాయన.

"మీరు ఊరుకోండి, అలిసిపోతారు."

ఆ సాయంత్రమే స్టార్లు ఇచ్చేసింది. మెషిన్‌కు ఐదు. "చెప్పింది వింటుంది. టీ అడగదు." ద్వాలికి ఒకటి. "ఈ మనిషికన్నా మెషిన్ వెయ్యి రెట్లు నయం. అంట్ల జిడ్డు కూడా వదలగొట్టలేదు."

ఒక్క స్టార్ వచ్చినవాళ్లను తీసెయ్యడం ఆ సంస్థ పద్ధతి. తీసేశారు.

ద్వాలి ఫోన్ చేసింది.

"అమ్మా, నా పేరు తీస్తే తీసిండ్రు. సారుకు ఇంకో రెండు నెలలు కావాలె. ఇప్పుడు ఇడిస్తే మాట ఎనక్కి పోతది. నేనే వస్త, రానియ్యి."

"అక్కర్లేదు. మాకు మెషిన్ ఉంది."

నెల తిరక్కుండా ఆయన మాట మళ్లీ ముద్దకట్టింది. నిర్మలాదేవి మెషిన్‌కు దుమ్ము పట్టిందేమోనని తుడిచింది.

ఓ మధ్యాహ్నం ఆయన బాత్రూమ్‌లో జారిపడ్డాడు. ఓపిక ఉన్నంతసేపూ పిలిచాడు. తోటలో ఆమె ఫోన్ మోగలేదు. పొద్దుగూకాక ఆమె వచ్చేసరికి ఆయనకు తుంటి విరిగి, ఒళ్లు చల్లబడి, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఆయన్ని దవాఖానాలో చేర్పించి, మెషిన్ కంపెనీ మనిషి జగదీష్‌ను ఫోన్‌లో దులిపేసింది.

"నేర్చుకున్నదంతా ఎట్లా మర్చిపోయిందయ్యా?"

"అది కొత్తగ ఏం నేర్వదమ్మా. బిగించిన రోజు ఎట్లుందో గట్లనే ఉంది. నడుమ మంచిగ మాట్లాడింది మీ సారే."

నిర్మలాదేవి ఫోన్ పెట్టేసి డాక్టర్ గదికి పరిగెత్తింది.

"తుంటి అతుకుతదమ్మా," అంది ఖమ్మం దవాఖానా డాక్టర్ జ్యోత్స్న. "కానీ మాట మొత్తం పోయింది. దాన్ని తెప్పించగలిగేది మా మేడమ్ ఒక్కరే. హైదరాబాద్ల రిటైరై, ఉచితంగ ఇండ్లకు పోయి చేస్తుండె. ఏదో సంస్థోళ్లు పేరు తీసేసిండ్రంట. పోయిన వారమే ఒడిశా దవాఖానోళ్లు బతిమాలి తీస్కపోయిండ్రు."

అడగకూడదనుకుంటూనే అడిగింది నిర్మలాదేవి.

"ఆవిడ పేరేంటమ్మా?"

"డాక్టర్ ద్వాలి. మాట తెప్పించే విద్య మాకందరికి నేర్పింది ఆమెనే."